వేగం అంకె వేరు, దూరం అంకె వేరు

రష్యా టీయూ-160 బాంబర్ గంటకు రెండు వేల కిలోమీటర్లకు పైగా వెళ్తుంది, ఇంధనం మళ్లీ నింపకుండా 12,300 కిలోమీటర్లు ఎగురుతుంది, అంటే ఆరు గంటల్లో ఆ దూరం దాటేస్తుందా అని అడిగారు. దాటదు. రెండు అంకెలూ నిజమే, కానీ ఒకే ప్రయాణానివి కావు. ఆ దూరం ధ్వని వేగానికి లోపల నింపాదిగా వెళ్తేనే వస్తుంది.

కొరాపుట్ జిల్లా సునాబెడలో మిగ్-21 ఇంజన్లను పరీక్షించే చోట పనిచేశాను. మొదటిసారి రీహీట్, అంటే ఇంజన్ వెనక భాగంలో మళ్లీ ఇంధనం చల్లి మండించడం, చూసిన రోజు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మందపాటి అద్దం వెనక నిలబడ్డాం. పర్లాకిమిడి నుంచి వచ్చిన మా పెద్దాయన థ్రాటిల్ ముందుకు తోయగానే గుండెల మీద గుద్దినట్టయింది. నాజిల్ నుంచి పొడవాటి మంట, అందులో వజ్రాలు గుచ్చినట్టు వరసగా వెలుగు ముద్దలు. నేను నోరు తెరిచి చూస్తుంటే ఆయన భుజం పట్టి మీటర్ల వైపు తిప్పారు. "మంటను కాదు బాబూ, ముల్లును చూడు" అన్నారు. ఇంధనం ముల్లు రెండింతలు దాటింది. థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, పెరిగింది మాత్రం ఒకటిన్నర రెట్లకు కాస్త పైన.

ధ్వనిని దాటే సూపర్‌సోనిక్ బాంబర్ల కష్టమంతా ఆ ముల్లులోనే ఉంది. ధ్వని వేగం దాటితే గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని గెలవడానికి రీహీట్ కావాలి. 1963లో అమెరికా బి-58 బాంబర్ టోక్యో నుంచి లండన్‌కు, సుమారు 12,900 కిలోమీటర్లు, 8 గంటల 35 నిమిషాల్లో వెళ్లింది. గొప్ప విషయమే. కానీ గాలిలో ఐదుసార్లు ఇంధనం నింపుకుంది, నింపుకున్న ప్రతిసారీ వేగం తగ్గించుకుంది. తర్వాత అమెరికన్లు బి-1ఏ బాంబర్‌ను మాక్ 2, అంటే ధ్వని వేగానికి రెండింతలు, దాటేలా తయారుచేసి, బి-1బి దగ్గరికి వచ్చేసరికి గాలి లోపలికి వెళ్లే ద్వారాలను మార్చి మాక్ 1.25తో సరిపెట్టుకున్నారు.

ఫోనులో వచ్చే తెలుగు వీడియోలు ఇవేమీ చెప్పవు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి సంగీతం మోగిస్తాయి. రాయగడలో ఉన్న మా మనవడికి తెలుగులో విజ్ఞానం దొరికేది అక్కడే, అందుకే నాకు ఇంత బాధ.

నన్నడిగితే బాంబర్‌కు ధ్వనిని దాటే వేగం అనవసరం. బి-58 1960లో సేవలో చేరి 1970కే ఇంటికి వెళ్లింది. 1952లో తొలిసారి ఎగిరిన, ధ్వని వేగం అందుకోలేని బి-52 ఇంకా ఎగురుతూనే ఉంది.