పేరు అడగని ఆఫీసు సర్వేలో మనమెవరో తెలుస్తుందా?

పేరు రాయకపోయినా, జవాబులిచ్చింది ఎవరో చాలాసార్లు తెలిసిపోతుంది. మనిషిని పట్టిచ్చేది పేరొక్కటే కాదు. వయసు, విభాగం, సర్వీసు, పెళ్లయిందా లేదా అన్నవి విడివిడిగా వందలమందికి వర్తిస్తాయి గానీ, కలిపి చూస్తే ఒక్కోసారి ఒక్కరే మిగులుతారు.

12 మంది ఉన్న అకౌంట్స్ విభాగాన్నే తీసుకోండి. అందులో ఆడవాళ్లు ముగ్గురు, వాళ్లలో నలభై దాటినావిడ ఒక్కరే. ఆవిడ "మహిళ", "40–50", "అకౌంట్స్" అని టిక్కు పెట్టగానే, కింద మేనేజరు గురించి రాసిన మాట ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. అందుకే పద్ధతిగా చేసే సర్వేల్లో మరీ చిన్న గ్రూపుల ఫలితాలను, ఉదాహరణకు ఐదుగురికన్నా తక్కువ ఉంటే, విడిగా చూపించరు. కామెంట్లకు మాత్రం ఆ రక్షణ చాలదు, రాసే తీరే పట్టిచ్చేస్తుంది.

"కాన్ఫిడెన్షియల్" అని ఉంటే ఎవరికీ తెలియదనుకోవడం పెద్ద పొరపాటు. మీరెవరో సర్వే నడిపేవారికి తెలుసు, బయటపెట్టబోమని మాటిస్తున్నారు, అంతే. ఎవరికీ తెలియకూడనిది "అనానిమస్" సర్వే. మీ ఒక్కరి కోసమే మెయిల్లో వచ్చిన లింకుతో తెరుచుకునేది సాధారణంగా మొదటి రకమే. పెళ్లి, కులం, జబ్బుల ప్రశ్నలకు "చెప్పదలచుకోలేదు" అన్న ఆప్షన్ ఉంటే నిస్సంకోచంగా వాడుకోండి.