రిపోర్టులన్నీ నార్మల్... మరి ఈ నీరసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 47. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఏడాదిగా ఒంట్లో ఏదో బాగుండటం లేదు. పొద్దున లేస్తూనే అలసట, క్లాసులో ఆవలింతలు, ఇంట్లో ప్రతి చిన్న విషయానికీ చిరాకు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. బాగా గురక పెడతానని మా ఆవిడ అంటుంది. మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తే అంతా నార్మల్ అన్నారు. షుగర్ మాత్రం కొంచెం బోర్డర్‌లో ఉందట (ఫాస్టింగ్ 112, హెచ్‌బీఏ1సీ 6.1). బీపీ 138/88. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు రెండేసి పెగ్గులు తీసుకుంటాను. నిరుడు అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ ఎంతో హాయిగా ఉన్నాను. తీసేశాక నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు పూజలో కూడా మనసు నిలవడం లేదు. స్నేహితుడు పంపిన ఆన్‌లైన్ ‘వెల్‌నెస్ టెస్ట్’లో నాకు 100కి 42 వచ్చింది. అప్పట్నుంచి టెన్షన్. ధ్యాన శిబిరానికి వెళ్లమని ఇంట్లో పోరు. శరీరం, మనసు, ఆధ్యాత్మికం... వీటిలో నేనెక్కడ ఉన్నానో నాకు నేనే తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ 42 మార్కుల సంగతి తేల్చేద్దాం. ఆ టెస్టు చివర్లో ఏదైనా పొడో, మాత్రలో కొనమని లింకు వచ్చిందా? వచ్చి ఉంటే మీకు మార్కులు ఎందుకు తగ్గాయో వేరే చెప్పక్కర్లేదు. నిద్రనీ, బీపీనీ, భక్తినీ కలిపి ఒకే అంకెగా చెప్పే పరీక్ష ఏదీ వైద్యంలో లేదు. దాన్ని మర్చిపోండి.

‘అంతా నార్మల్’ అన్నమాట కూడా అంత నిజం కాదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు అంటాం. మీది 6.1. ఫాస్టింగ్ షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా అదే లెక్క. మీ ఎత్తుకూ బరువుకూ బీఎంఐ 27.6 వస్తుంది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. బీపీ ఇంకా గీత (ఆస్పత్రిలో చూసినప్పుడు 140/90) దాటలేదు గానీ గీత పక్కనే నిలబడి ఉంది. ఇవేవీ భయపడాల్సినవి కావు. అయితే ‘ఏమీ లేదు’ అని ఫైలు బీరువాలో పెట్టేసేవి కూడా కావు. ఇలాంటి ప్యాకేజీల్లో పేరు తెలియని ట్యూమర్ మార్కర్లన్నీ (క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్షలు) చేస్తారు గానీ, అలసట అని వచ్చిన మనిషికి అవసరమైన విటమిన్ బీ12 ఒక్కోసారి వదిలేస్తారు. మీ రిపోర్టులో బీ12, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్ ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. లేకపోతే అవి మాత్రమే చేయించండి. మళ్లీ ప్యాకేజీ జోలికి పోవద్దు.

ఇక ఇంట్లోనే చూసుకోగలిగినవి. దర్జీ టేపు ఒకటి తీసుకోండి. ఊపిరి వదిలేసి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య నడుము చుట్టూ కొలవండి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, చాలామంది బెల్టును పొట్ట కిందికి కడతారు కాబట్టి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బీపీ మిషన్ ఉంటే వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసుకోండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే పట్టీ కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. ఇంట్లో సగటు 135/85 దాటితే డాక్టర్‌ని కలవాలి. కాళ్ల బలం కోసం చిన్న పరీక్ష ఉంది: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టుకోండి. 60–64 ఏళ్ల మగవాళ్లకే 14 కన్నా తక్కువైతే సగటు కంటే వెనకబడ్డట్టు లెక్క. మీరు ఆ సంఖ్యను సులువుగా దాటాలి. (మోకాళ్ల నొప్పులుంటే ఈ ప్రయత్నం వద్దు.)

మాటవరసకు ఒక విషయం. మీ ప్రాంతంలోని ఆశా కార్యకర్త దగ్గర 30 ఏళ్లు నిండినవాళ్లందరి కోసం ఒక ఫారం ఉంటుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తారు. 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపుతారు. వేలు పోసి చెకప్‌లు చేయించుకునేవాళ్లకు ఈ ఉచిత ఫారం ఉందనే తెలియదు!

మనసు సంగతికొద్దాం. దీనికీ కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో వాడుకలో ఉన్న అయిదు ప్రశ్నల పట్టిక తేలికైంది. గత రెండు వారాలు గుర్తు చేసుకోండి. ఉల్లాసంగా ఉన్నారా? ప్రశాంతంగా, నింపాదిగా ఉన్నారా? చురుగ్గా, హుషారుగా ఉన్నారా? నిద్ర లేచాక తేటగా అనిపించిందా? రోజు గడవడంలో మీకు ఇష్టమైనవి ఉన్నాయా? ఒక్కోదానికి ‘ఎప్పుడూ లేదు’ అయితే 0, ‘అన్ని వేళలా’ అయితే 5. మధ్యలో మీకు తోచినట్టు వేసుకుని, మొత్తాన్ని 4తో హెచ్చించండి. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే మనసు బాగోలేదనడానికి అది సూచన, డాక్టర్‌తో మాట్లాడాలి. 28 లేదా అంతకు దిగువన ఉంటే డిప్రెషన్ ఉందేమో కచ్చితంగా చూపించుకోవాలి. ఇది జబ్బు పేరు చెప్పే పరీక్ష కాదు, తలుపు తట్టమని చెప్పే పరీక్ష. రోజూ చేసుకుని కంగారుపడొద్దు, నెలకోసారి చాలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ‘పూజలో కూడా మనసు నిలవడం లేదు’ అన్న మాట. ఆ ‘కూడా’ చూశారా? అంటే మిగతా వాటిలో నిలవడం ఎప్పుడో మానేసిందన్నమాట. మన దగ్గర చాలామంది దీన్ని భక్తి తగ్గడంగా, దేవుడికి దూరమవడంగా అనుకుని లోలోపల కుమిలిపోతారు. వైద్యపరంగా చూస్తే, ఒకప్పుడు ఇష్టపడినవన్నీ రుచించకపోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. క్రికెట్ మీద, పాఠం చెప్పడం మీద, పిల్లలతో కబుర్ల మీద కూడా ఆసక్తి పోయిందా అని చూసుకోండి. అన్నింటి మీదా పోయి, రెండు వారాలకు మించి అలాగే ఉంటే, అది మీ భక్తిలో లోపం కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది. ఇంకా నాలుగు గంటలు జపం చేయమని ఎవరైనా చెబితే మీలో అపరాధ భావం పెరుగుతుందే తప్ప దిగులు తగ్గదు.

ఆధ్యాత్మిక ఆరోగ్యానికి బీపీ మిషన్ లాంటిది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నుంచి వాడుతున్న ఆరోగ్య నిర్వచనంలో శారీరక, మానసిక, సామాజిక క్షేమం అనే మాటలే ఉన్నాయి. ‘ఆధ్యాత్మికం’ చేర్చాలని తర్వాత చర్చ జరిగింది గానీ ఆ నిర్వచనం మారలేదు. అయినా మేం కొందరు రోగులను అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కష్టం వచ్చినప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది ఏమిటి? దేవుడా, మనిషా, చేసే పనా? దానికి మీ వారంలో ఎంత సమయం దక్కుతోంది? మీలాగే ఆలోచించేవాళ్ల మధ్య కూర్చునే అవకాశం ఉందా? నాస్తికులకు కూడా ఇవే ప్రశ్నలు. జవాబులకు మార్కులు వేసుకోకండి. ముఖ్యం అని మీరు చెప్పేదానికీ, మీరు సమయం ఇచ్చేదానికీ ఎంత దూరం ఉందో చూసుకోండి చాలు.

ఇప్పుడు ఆ 41 రోజులు. మీకు అన్నిటికన్నా మంచి ల్యాబ్ రిపోర్టు అదే. దీక్షలో మీరు ఏమేం మార్చారో ఒక కాగితం మీద రాయండి. మందు పూర్తిగా మానేశారు. తెల్లవారుజామునే లేచారు కాబట్టి రాత్రి పెందలాడే పడుకుని ఉంటారు. రాత్రి తిండి తేలికైంది. గుడికి నడిచారు. సాయంత్రాలు ఫోన్ బదులు భజనలో గడిచాయి. పేరు, ఉద్యోగం, జీతం పక్కనబెట్టి అందరూ ‘స్వామీ’ అని పిలిచారు. కోపం వచ్చినా మాల గుర్తొచ్చి ఆపుకున్నారు. ఇందులో అయ్యప్ప దయ ఎంతో మీరు చెప్పాలి. వైద్యం వైపు నుంచి నేను చెప్పగలిగింది ఇది: మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది గానీ, అది శరీరం నుంచి దిగిపోయే వేళకు, అంటే సరిగ్గా మీరన్న రెండు మూడు గంటలకు, నిద్ర చెదిరిపోతుంది. గురకా పెరుగుతుంది. నిద్రలేమితో చిరాకు, ఆ చిరాకు పోవడానికి మళ్లీ సాయంత్రం రెండు పెగ్గులు. మాల తీయగానే మీరు ఈ గానుగలోకే తిరిగి వెళ్లారు.

అందుకని ఏదో కొత్త పద్ధతి వెతక్కండి. మాల లేకుండా ఆ పట్టికలో మొదటి రెండూ, అంటే మందు మానడం, వేళకు పడుకుని వేళకు లేవడం, ఆరు వారాలు పాటించండి. చన్నీళ్ల స్నానం, కటిక నేల, ఒంటిపూట భోజనం అక్కర్లేదు. (మీరు తాగే మోతాదుకు ఒక్కసారిగా ఆపినా సాధారణంగా ఇబ్బంది రాదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం, దీక్ష కోసమైనా సరే, డాక్టర్‌కి చెప్పకుండా హఠాత్తుగా ఆపొద్దు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. అలాగే ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఉపవాసం ముందు మోతాదు అడిగి తెలుసుకోవాలి. పాదాలు మొద్దుబారిన షుగర్ రోగులు చెప్పుల్లేకుండా నడవకూడదు. ఏటా పుండ్లు పడి వచ్చేవాళ్లను చూస్తుంటాం, అందుకే ఇంత నొక్కి చెబుతున్నా.)

మూడోది నడక. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత గానీ పాట పాడలేనంత వేగంతో. అందులో కొంత రాత్రి భోజనం తర్వాత పెట్టుకుంటే షుగర్‌కు మేలు. వారంలో రెండు రోజులు కాళ్లకు, చేతులకు బలం పెంచే వ్యాయామం కూడా ఉండాలి. బరువు ఆరు నెలల్లో అయిదారు కిలోలు తగ్గితే చాలు. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు బరువులో 7 శాతం తగ్గి, ఇలా నడిస్తే షుగర్ జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపించింది. చెన్నై పరిశోధకులు 2006లో మన వాళ్ల మీద ప్రచురించిన అధ్యయనంలో ఆ తగ్గుదల 28.5 శాతం. తక్కువే, అయినా ఒక్క మాత్ర లేకుండా వచ్చిన ఫలితం.

తిండి గురించి ఒక్క మాట. అన్నం మానేసి నాలుగు చపాతీలు తినడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండేలా చూసుకోండి. పప్పు లేదా గుడ్డు పెంచి, అన్నం ఆ మేరకు తగ్గించండి. ఊరగాయ నాలుకకు రాసుకునేంత చాలు, ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాములే.

ధ్యాన శిబిరం మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. రోజుల తరబడి మౌనంగా కూర్చోవడం దిగులు, ఆందోళన ఉన్న కొందరిలో వాటిని పెంచుతుంది. ముందు నిద్ర కుదుటపడనివ్వండి. అప్పటిదాకా ఇంట్లో పది నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోవచ్చు. నిరుటి భజన బృందంలో ఎవరైనా వారానికోసారి కలుస్తుంటే అక్కడికి వెళ్లండి. మీకు ఆ సాయంత్రాలే ఎక్కువ మేలు చేస్తాయని నా అంచనా.

ఆరు వారాల తర్వాత అయిదు ప్రశ్నల పట్టిక, బీపీ, నడుము కొలత మళ్లీ చూసుకోండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు. మందు ఆపినా గురక తగ్గకపోతే, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు మీ ఆవిడ గమనిస్తే, పొద్దున తలనొప్పి ఉంటే స్లీప్ ఆప్నియా కావచ్చు, నిద్ర పరీక్ష చేయించాలి. చాలాసార్లు అలసట, బీపీ రెండిటికీ అదే కారణం. ఈలోపు ఎప్పుడైనా బతకాలనిపించకపోయినా, దిగులు భరించలేనంతగా ఉన్నా వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం. ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న రీడింగులతో పాటు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. రాత్రిపూట మీకేం జరుగుతోందో చెప్పగలిగేది ఆవిడే.