వేపనీడలో వేసవి పూలు

ప్రశ్న: మా ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. దాని కింద తొమ్మిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల మడి ఖాళీగా ఉంది. నీడలో బాగా పూస్తాయని నర్సరీలో చెప్పగా నిరుడు మార్చిలో ఇంపేషెన్స్, బెగోనియా నాటాను. రోజూ రెండు పూటలా నీళ్లు పోసినా ఏప్రిల్ నెలాఖరుకు ఒక్కటీ మిగలలేదు. మన ప్రాంతంలో నీడపట్టున వేసవిలో పూసే మొక్కలు లేవా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: లేకేం, ఉన్నాయి. మీ మొక్కలు చనిపోయింది నీడవల్ల కాదు, వడగాలివల్ల. ఇంపేషెన్స్ తూర్పు ఆఫ్రికాలో తేమ ఉన్న నీడపట్టున పెరిగే మొక్క. దాని కాండమంతా నీరే, ఆకు పలుచన. 40 డిగ్రీలు దాటిన పొడిగాలి చెట్టు కిందికి కూడా వస్తుంది కాబట్టి, వేరు అందించగలిగిన దానికన్నా ఎక్కువ నీరు ఆకునుంచి ఆవిరైపోతుంది. మధ్యాహ్నం వాలిపోయిన మొక్కను చూసి మనం మళ్లీ నీళ్లు పోస్తాం. దాంతో వేరు కుళ్లుతుంది. బెంగళూరు ఇళ్ల ముందు విరగబూసినంత మాత్రాన అది అనంతపురంలోనూ బతకాలని లేదు.

మీ మడికి నేను మొదట చెప్పేది కనకాంబరం. జడలో పెట్టుకునే పువ్వే కదా అని దాన్ని అలంకార మొక్కల లెక్కలోకి తీసుకోరు గానీ, దక్షిణ భారతమే పుట్టిల్లయిన ఈ మొక్కకు మన వేడి కొత్త కాదు. ఉదయం రెండు మూడు గంటల ఎండ తగిలి, ఆ తరువాత చెట్టునీడ ఉంటే ఏడాదిలో చాలాకాలం పూస్తూనే ఉంటుంది. పూలగుత్తి కంకి, అంటే వెన్ను, కింది నుంచి పైకి కొన్ని పూల చొప్పున విచ్చుకుంటుంది. అసలు ఎండే సోకని చోట మాత్రం చాలా పూలమొక్కలు సరిగా పూయవు. అక్కడ రంగు ఆకుల కోలియస్‌తో సరిపెట్టుకోవాలి.

నాటే అదను కూడా వేపచెట్టే చూపిస్తుంది. శివరాత్రి ప్రాంతంలో అది ఆకు రాల్చి, ఉగాదికి చిగురూ పూతా తొడుగుతుంది. ఆకు రాలిన రోజుల్లో నారు నాటితే వేరు పట్టేదాకా ఎండ దొరుకుతుంది. ఎండలు ముదిరే నాటికి పైన నీడ సిద్ధమవుతుంది. ఇబ్బందల్లా వేప వేళ్లతోనే. పైపైన పాకే ఆ వేళ్లు మీరు పోసిన నీటిని మీ మొక్కకన్నా ముందే తాగేస్తాయి. వాటిని నరకవద్దు, పన్నెండు అంగుళాల మట్టికుండీల్లో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి మొక్కలు నాటి, ఆ కుండీలనే మడిలో వరుసగా ఉంచండి. పైన వేరుశనగ పొట్టు రెండు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. మొదలుకు మాత్రం తాకనివ్వకండి, చెదలు పడతాయి.

మన బోరునీటిలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంటే, లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారుతుంటే, మొక్కకు ఇనుము అందడం లేదన్నమాట. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ రైతులు చేసే వైద్యమే దీనికీ పనిచేస్తుంది: లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లి, వారం తరువాత మరోసారి చల్లండి. పసుపుబారడంతోపాటు మొక్క గిడసబారితే ఒకదాన్ని పీకి చూడండి. వేళ్లమీద బుడిపెలుంటే అవి వేళ్లను పట్టే నులిపురుగులవల్ల వచ్చినవి. ఆ మొక్కనూ మట్టినీ పారేయడమే మంచిది.

కనకాంబరాల మధ్య చంద్రకాంత నాలుగు మొక్కలు వేయవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది, దుంపవేరు కాబట్టి ఎద్దడికి తట్టుకుంటుంది. బిళ్లగన్నేరు మడి అంచున, ఎండ ఎక్కువ తగిలే వైపు వేసుకోండి. చిలకముక్కు పూలను తొలకరిదాకా ఆపండి.

కనకాంబరం నారు మీరే పెంచుకోదలిస్తే, ఎండిన వెన్నును పలుచని గుడ్డలో మూటకట్టి నీళ్లు చిలకరించండి. తడి తగలగానే కాయలు టపటపా పగిలి గింజలు గుడ్డలోనే పడతాయి. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి మాత్రం గింజ పట్టదు, దాన్ని కొమ్మ కత్తిరింపులతోనే పెంచుకోవాలి.