ఓడిన్ మన కన్నప్పలాంటివాడేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఉత్తర ఐరోపా పురాణాల్లో ఓడిన్ అనే దేవుడు జ్ఞానం కోసం కన్ను ఇచ్చేశాడని, చెట్టుకు వేలాడాడని ఎక్కడో చదివాడు. "మన కన్నప్పలాగే కదమ్మా" అంటున్నాడు. నాకేమో ఆ పోలిక కుదరలేదనిపిస్తోంది. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు అనిపించిందే నిజం అమ్మా. మన పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన కన్నప్ప, శివుడి కంట నెత్తురు చూసి తట్టుకోలేక తన కన్ను పెకిలించి పెట్టాడు. బదులుగా ఏమీ అడగలేదు. ఓడిన్ వెళ్లిందే అడగడానికి. యిగ్‌డ్రసిల్ అనే మహావృక్షం వేరు కింద మీమిర్ అనేవాడి బావి ఉంది. జ్ఞానమంతా ఆ నీళ్లలోనే. ఒక్క గుక్క కావాలంటే కన్ను ఇవ్వాల్సిందే. ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసిన ఎడ్డా అనే పురాణ కథల పుస్తకంలో ఇక్కడ 'తాకట్టు' అనే మాటే వాడాడు. ఓడిన్ దాన్ని ఎప్పటికీ విడిపించుకోలేదు. కన్నప్ప రెండో కంటికి బాణం ఎత్తితే శివుడు ఆపాడు. ఓడిన్‌ను ఆపడానికి ఆయనకు పైన ఎవరున్నారు?

చెట్టు కథలోనూ అంతే. హావమాల్ అనే పాత కవితలో ఓడినే చెప్పుకుంటాడు: గాలికి ఊగే చెట్టు మీద తొమ్మిది రాత్రులు వేలాడాను, ఈటె పోటుతో, నన్ను నాకే అర్పించుకుని. ఎవరూ రొట్టె ఇవ్వలేదు, తాగడానికీ ఏమీ ఇవ్వలేదు. చివరికి కిందికి చూసి, కేక పెడుతూ రూనులను అందుకుని పడిపోయాడు. రూనులంటే కర్ర మీద, రాయి మీద చెక్కే అక్షరాలు. వాటికి మహిమ ఉందని వాళ్ల నమ్మకం. మనం పిల్లల్ని బాసర తీసుకెళ్లి అమ్మవారి ముందు అక్షరాలు దిద్దిస్తాం. అక్కడ దేవుడికే వాటిని దిద్దించేవాళ్లు లేరు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

మీ అబ్బాయికి ఇంకో సంగతి చెప్పండి. నా దృష్టిలో కన్ను కథకన్నా ఇదే పెద్దది. ఓడిన్‌కు రెండు బొంతకాకులు. హుగిన్ అంటే ఆలోచన, మునిన్ అంటే జ్ఞాపకం. రోజూ లోకమంతా తిరిగొస్తాయి. హుగిన్ తిరిగి రాడేమోనని భయం, మునిన్ గురించి ఇంకా ఎక్కువ భయం అంటాడు ఓడిన్.

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఒక కంట చూపు పోయినప్పుడు పెద్దగా బాధపడలేదు, వేళ్లతో తడిమి వరసలు చూసుకునేవాడు. కొన్నేళ్లకు ఒకరోజు మగ్గం ముందు కూర్చుని, తర్వాత వేయాల్సిన రంగు గుర్తురాక, పోగు పట్టుకుని నా మొహంలోకి చూశాడు. బాపు భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.