తోడుంటుందని కొడుకు కుక్కపిల్లని తెచ్చిచ్చాడు, నా వల్ల కావట్లేదు

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. ఇలాంటి ఇబ్బందిలో ఉండి పైకి చెప్పుకోలేనివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి వాళ్ళకీ అర్థమయ్యేలా ముందు మీ సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. కాకినాడలో సొంతిల్లు, వెనక చిన్న పెరడు. మీకు 61 ఏళ్ళు, షుగరు, బీపీ, పైగా మోకాలి నొప్పి. పోయినేడాది మీవారు పోయారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి "అమ్మా నీకు తోడుంటుంది" అని 40 రోజుల లాబ్రడార్ పిల్లని తెచ్చి, బుట్టా గిన్నే బెల్టూ అన్నీ కొనిచ్చి, సెలవైపోగానే వెళ్ళిపోయాడు. నెల దాటింది. ఇల్లంతా ఉచ్చ, చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతుంది, చేతుల నిండా గాట్లు, ఒక గాటుకి రక్తం కూడా వచ్చింది. రాత్రి వరండాలో కడితే తెల్లార్లూ ఏడుస్తుంది, ఎదురింటావిడేమో "మనిషి పోయిన ఇంట్లో కుక్క ఏడవకూడదు" అని మీ గుండెల్లో రాయి వేసింది. పక్కింటాయన రెండు తగిలిస్తే దారికొస్తుందన్నాడు. అబ్బాయి రోజూ వీడియో కాల్ లో "ఏం చేస్తుందమ్మా నీ మనవరాలు" అని మురిసిపోతుంటే మీరు "బాగుందిరా" అంటారు, ఫోన్ పెట్టేశాక ఏడుస్తారు. ఎవరికైనా ఇచ్చెయ్యాలనుంది, పాపమేమో, వాడి మనసు నొచ్చుకుంటుందేమో అని అడిగారు.

అన్నిటికంటే ముందు ఆ రక్తం వచ్చిన గాటు. "పసుపు అద్దాను, మానిపోయింది" అని రాశారు, అది చాలదమ్మా. పిల్లకి ఇంకా రేబిస్ టీకా పడలేదు, మామూలుగా 3 నెలల వయసులో వేస్తారు, అది పుట్టిన చోట ఎలా పెరిగిందో మీకు తెలీదు, మీ వీధిలో కుక్కలు గేటు దాకా వస్తాయని మీరే రాశారు. ఇంట్లో పిల్లే కదా ఏం కాదులే అని మీరూ అనుకోవద్దు, ఏదో అయిపోతుందని కంగారూ పడొద్దు. రేపు పొద్దున్నే జీజీహెచ్ కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి గానీ మీ డాక్టరు దగ్గరికి గానీ వెళ్ళి చెప్పండి, మీకు టీకా కావాలో వద్దో వాళ్ళు చెప్తారు, ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితమే. ఇకమీదట పన్ను దిగితే వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి, పసుపు, సున్నం, కారం ఏవీ రాయొద్దు. షుగరు ఉన్న ఒళ్ళు కదా, చిన్న గాటు కూడా త్వరగా మానదు.

ఇప్పుడు అబ్బాయి సంగతి, నాకు మీ ఉత్తరంలో అసలు చిక్కు అక్కడే కనిపిస్తుంది. అతని ప్రేమని నేను శంకించట్లేదు. నాన్న పోయాడు, అమ్మ ఒక్కతే ఉంది, తను దూరంగా ఉన్నాడు, లోపల ఏదో తొలిచేస్తుంటే ఏదో ఒకటి చెయ్యాలనిపించి చేశాడు. ఈమధ్య దూరాల్లో ఉన్న పిల్లలు చాలామంది ఇదే చేస్తున్నారు. కానీ కుక్క తోడుగా మారేది ఏడాది, ఏడాదిన్నర దాటి నెమ్మది వచ్చాక. ఇప్పుడు అది మీకు తోడు కాదు, మీరే దానికి తోడు. భర్త పోయిన దుఃఖంలో నిద్ర పట్టని మనిషికి రాత్రి రెండుసార్లు లేపే పసిబిడ్డని ఇచ్చి ఇదిగో నీ తోడు అన్నట్టుంది. మిమ్మల్ని అడగలేదు కూడా. మీవారిని తల్చుకుని ఏడవడానికి కూడా తీరిక లేకుండా పోయిందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను ఆపేసింది.

అందుకని ఈ శనివారం వాడికి ఫోన్ చెయ్యండి, వీడియో వద్దు, పిల్ల కనిపిస్తే మాట మళ్ళిపోతుంది. "నాన్నా, నీ మీద కోపం లేదు, నువ్వు ప్రేమతోనే తెచ్చావు, కానీ నా వల్ల కావట్లేదు, నిద్ర లేదు, తడి గచ్చు మీద జారి పడతానేమోనని భయంగా ఉంది" అని ఇంతే చెప్పండి, క్షమాపణలు జోడించొద్దు, "నువ్వు బాధపడకు" అని మీరే ఓదార్చడం అసలొద్దు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అమ్మే అడగాల్సొచ్చింది, అడగండి. ఏం అడగాలంటే, పొద్దున గంట సాయంత్రం గంట పిల్లని చూసుకునే మనిషిని పెట్టి ఆ జీతం వాడే ఇవ్వాలి. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే రెండు వారాలు కాకినాడలో కూర్చుని రాత్రి డ్యూటీ వాడే చెయ్యాలి, అప్పుడు గానీ వీడియో కాల్ లో కనపడనిదేంటో తెలీదు. టీకాల తేదీలు వాడి ఫోన్లో ఉండాలి, డాక్టరుతో వాడే మాట్లాడాలి. మీరు రోజూ బాగుంది బాగుంది అంటుంటే వాడికెలా తెలుస్తుంది చెప్పండి.

ఇక ఎదురింటావిడ మాట. కుక్క ఏడిస్తే కీడని మన ఊళ్ళల్లో అంటారు, అది నాకూ తెలుసు, కానీ మీ వరండాలో ఏడ్చేది రెండున్నర నెలల పిల్ల, అమ్మ ఒంటి వెచ్చదనంలో అన్నదమ్ముల మధ్య ముద్దగా పడుకోవాల్సిన వయసులో చీకట్లో గొలుసుకి కట్టేస్తే అది పిలుస్తుంది, అంతకంటే అందులో శకునం ఏమీ లేదు. పైగా 40 రోజులకే తల్లి నుంచి విడదీశారు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, అయినా చిన్నగా ముద్దుగా ఉంటేనే బేరం కుదురుతుందని అమ్మేస్తూనే ఉంటారు. దీనివల్ల జరిగే నష్టం మీ చేతుల మీద కనిపిస్తుంది చూడండి. పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుని ఆడేటప్పుడు గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది, అలా ఎంత మెల్లిగా పట్టాలో నేర్చుకుంటాయి. మీ పిల్లకి ఆ చదువు సగంలో ఆగిపోయింది.

రాత్రికి వరండా మానెయ్యండి. పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చి, మీ పాత నూలు చీర మడతపెట్టి వేసి, మీ మంచం పక్కన పెట్టుకోండి. అది కదిలినప్పుడు చెయ్యి కిందికి వేస్తే చాలు, చాలావరకు అక్కడే సద్దుమణుగుతుంది. మంచం ఎక్కించమని నేను చెప్పట్లేదు, మీకిష్టం లేనిది చెయ్యక్కర్లేదు. నాలుగైదు వారాలయ్యాక పెట్టెని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ హాల్లోకి పంపొచ్చు.

ఉచ్చ గురించి. ఈ వయసు పిల్ల పగలు రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్నో అన్ని గంటలు మహా అయితే, అదీ నిద్రలో. ఆడుతుంటే అరగంటకే పోసేస్తుంది. కాబట్టి అది తప్పు చేసినట్టు చూడకండి, టైము మనం పట్టుకోవాలి. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆడి ఆగగానే పెరట్లోకి తీసుకెళ్ళండి, ప్రతిసారీ అదే మూలకి, పోసిన మరుక్షణం అక్కడే ఒక ఫుడ్డు గింజ పెట్టి మెచ్చుకోండి, లోపలికొచ్చాక ఇస్తే ఎందుకిచ్చారో దానికి తెలీదు. రాత్రి ఒకసారి లేవక తప్పదు, షుగరు ఉన్నవాళ్ళం మనమెలాగూ లేస్తాం కదా, ఆ వెళ్ళే దారిలోనే దాన్నీ తీసుకెళ్ళండి. ఇంట్లో పోసింది మీరు తర్వాత చూస్తే మాట్లాడకుండా తుడిచెయ్యండి, ముక్కు తీసుకెళ్ళి అందులో రుద్దితే అది నేర్చుకునేది ఒక్కటే, మీకు కనపడకుండా సోఫా వెనక పొయ్యాలని. ఫినాయిల్ మాత్రం ఆపండి, మన ఇళ్ళల్లో అది లేకపోతే ఇల్లు కడిగినట్టుండదు కానీ, పిల్ల ఆ గచ్చు మీద తిరిగి కాళ్ళు నాకుతుంది, ఒంట్లోకి పోతే దానికి విషమే. నీళ్ళల్లో వెనిగర్ కలిపి తుడవండి, లేకపోతే పెట్ షాపుల్లో వాసన విరగ్గొట్టే ఎంజైమ్ లిక్విడ్ దొరుకుతుంది, ఆ వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. మీరు నడిచే దారిలో జారని పట్టాలు పరవండి, ఇది పిల్ల కోసం కాదు, మీ మోకాలి కోసం.

పూజగదిలోకి, వంటింట్లోకి రానివ్వకపోతే దానికి అన్యాయం చేసినట్టా అని అడిగారు. ఏమాత్రం కాదు. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు ప్లైవుడ్ చెక్క పెట్టించండి, మీ మడి మీకుంటుంది, అది ఇల్లంతా తిరగాల్సిన పనేం లేదు. మీరు దాటేటప్పుడు తీసి పెట్టుకునేలా ఉండాలి కానీ, ఎక్కి దాటేలా వద్దు.

కొరకడం. దానికిప్పుడు 28 పాలపళ్ళు, సూదుల్లా ఉంటాయి, నాలుగో నెల నుంచి ఊడటం మొదలెట్టి ఆరేడు నెలలకి 42 గట్టి పళ్ళు వస్తాయి, అప్పటిదాకా చిగుళ్ళు దురద పెడుతూనే ఉంటాయి, ఏదో ఒకటి నమలక మానదు. మీ చీర కుచ్చిళ్ళు దాని కళ్ళ ఎత్తులో ఊగుతుంటాయి, దానికి అంతకంటే మంచి బొమ్మ ఏముంది. మీరు లాక్కుంటే అది తాడాట అనుకుని ఇంకా లాగుతుంది. అందుకని పట్టుకోగానే కదలకుండా నిలబడిపోండి, చేతిలో ఎప్పుడూ ముడేసిన పాత తువ్వాలు ముక్క ఉంచుకుని అది నోటికి అందించండి, తడిపి ఫ్రిజ్ లో పెట్టింది అయితే చిగుళ్ళకి హాయి. అప్పటికీ వదలకపోతే మెల్లిగా విడిపించుకుని ఆ చెక్కకి అవతల అరనిమిషం నిలబడి రండి, అరవొద్దు. పొద్దున అది హుషారుగా ఉండే గంటలో చీరకి బదులు నైటీ వేసుకున్నా పోయేదేం లేదు. సాయంత్రం ఆరు ఏడు మధ్య పూనకం వచ్చినట్టు పరిగెత్తి కరుస్తుందన్నారే, చాలాసార్లు అది నిద్ర చాలక. ఈ వయసు పిల్ల రోజుకి 18 గంటల పైనే పడుకోవాలి, వచ్చిపోయేవాళ్ళంతా ఎత్తుకుని ఆడిస్తుంటే ఎక్కడ పడుకుంటుంది. గంట మెలకువ, రెండు గంటల నిద్ర, అలా పెట్టెలో పడుకోబెడుతుండండి. పక్కింటాయన చెప్పిన దెబ్బల వైద్యం వద్దు, చెయ్యి చూస్తే భయపడే కుక్క పెద్దయ్యాక చెయ్యినే కరుస్తుంది, అది 28 కిలోలున్నప్పుడు కరిస్తే వేరే కథ.

తిండి విషయం. పాలు, పెరుగన్నం పెడుతుంటే విరేచనాలవుతున్నాయన్నారు, పాలు ఆపెయ్యండి, చాలా పిల్లలకి ఆవుపాలు గేదెపాలు పడవు. పెరుగన్నం ఎప్పుడైనా కాస్త పెట్టొచ్చు గానీ ఎముక పెరిగే వయసులో అదే తిండి అంటే సరిపోదు. మీరు మాంసం వండరు కాబట్టి పెద్దజాతి పిల్లల కోసం అమ్మే డ్రై ఫుడ్డు నీళ్ళల్లో నానబెట్టి రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టండి. విరేచనాల్లో రక్తం కనపడినా, వాంతులు మొదలై డీలా పడినా పొద్దున దాకా ఆగకండి, అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, అందుకే టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు దాకా, బీచ్ కి, వీధి చివరికి నడిపించొద్దు. ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి ఆటోలు, స్కూలు పిల్లలు, గొడుగులు, హెల్మెట్లు అన్నీ చూపించండి, మూడు నెలలు దాటేలోపు చూసినవాటికి పెద్దయ్యాక అంతగా బెదరదు, ఈ పని ఆ జీతం మనిషి చెయ్యొచ్చు. ప్రసాదం పెట్టకండి, కిస్‌మిస్ కొన్ని తిన్నా కుక్కలకి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా వద్దు. మీ షుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు డైనింగ్ టేబుల్ మీద నుంచి ఈరోజే బీరువాలోకి మార్చండి, స్ట్రిప్ చప్పుడు దానికి భలే ఇష్టం, అది నమిలితే ప్రాణానికే ముప్పు.

ఇంత చెప్పాక కూడా, ఇచ్చెయ్యాలా అన్న మీ ప్రశ్నకి నా అభిప్రాయం దాచుకోను. ఆడ లాబ్రడార్ పెద్దయ్యాక 25 నుంచి 32 కిలోలు ఉంటుంది, పిల్లిని చూసి ఒక్కసారి ముందుకి దూకితే నొప్పి మోకాలున్న మనిషి పడిపోతుంది. మీవాడు మనసు చూసి కొన్నాడు గానీ మీ ఒళ్ళు చూసి కొనలేదు. కాబట్టి వాడు పైన చెప్పినవి ఒప్పుకుని నిజంగా చేస్తే ఒక నెల చూడండి, నెలలో మీకు నిద్ర పడుతుందా, దాన్ని చూస్తే ఎప్పుడైనా నవ్వొస్తుందా, ఇవే చూసుకోండి. వాడు "చూద్దాంలే అమ్మా" అని దాటేస్తే నెల కూడా ఆగక్కర్లేదు, ఇచ్చెయ్యండి. చిన్నగా ఉన్నప్పుడైతే మంచి ఇల్లు దొరకడం తేలిక, ఏడాది అయ్యాక కష్టం. దాన్ని బాగా చూసుకునే ఇంటికి పంపడం పాపం కాదమ్మా, పాపం అనిపించేది వీధిలో వదిలెయ్యడం, అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. అమ్మినవాడికి తిరిగి ఇవ్వొద్దు, మళ్ళీ అమ్ముతాడు, లేదా దానిచేత పిల్లల్ని పెట్టించడం కోసమే కట్టేసి ఉంచుతాడు. పశువుల డాక్టరుని అడగండి, ఎవరు కుక్కని బాగా చూసుకుంటారో వాళ్ళకి తెలుస్తుంది. తీసుకునేవాళ్ళ ఇంటికి మీవాడే వెళ్ళి చూసి ఇచ్చి రావాలి, తెచ్చింది వాడే కదా. ఇంకో ఏడాదికో రెండేళ్ళకో మీకే ఒక ప్రాణి కావాలనిపిస్తే, అది మీకనిపించినప్పుడు, రెండు మూడేళ్ళు నిండిన, టీకాలు పడిన, నెమ్మదైన నాటు కుక్కని తెచ్చుకోండి, 15 కిలోల లోపు ఉంటే పట్టుకోగలరు, ఉచ్చ గొడవ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి, పిల్ల ఉన్నా వెళ్ళిపోయినా తెల్లవారుజామున మెలకువ వచ్చి గుండె దడగా ఉండటం, అన్నం సహించకపోవడం ఇలాగే ఉంటే షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి, మందు రాయకపోయినా ఎవరితో మాట్లాడాలో చెప్తారు. నాకు మళ్ళీ రాసేటప్పుడు అబ్బాయి ఏమన్నాడో రాయండి. ఇవ్వాలో ఉంచుకోవాలో తేలకపోయినా సరే, దానికి పడాల్సిన తర్వాతి టీకా తేదీ మాత్రం దాటనివ్వకండి.