పావుగంటకే ఆగిపోతున్న మోటారు: సమాధానం

కావలిలోని మీ ఇంట్లో సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా కలిసి ఉండే) మోటారు పావుగంటకే ఆగిపోతోందనీ, స్విచ్ ముట్టుకోకపోయినా అరగంట తర్వాత తనంతట తానే తిరుగుతోందనీ రాశారు. అసలు ఆనవాలు అదే. వైండింగులోని, అంటే మోటారు లోపలి రాగి తీగ చుట్టలోని థర్మల్ ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ (వేడెక్కితే కరెంటు ఆపే రక్షణ స్విచ్) వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తోంది. దాన్ని తీసేసి నేరుగా కలుపుకోమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, వైండింగు కాలిపోతుంది.

మోటారు తిరుగుతున్నప్పుడే వోల్టేజీ కొలిపించండి. 230 వోల్టులు ఉండవలసిన చోట 180కి పడిపోతే, అదే నీటిని ఎత్తడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వోల్టేజీ బాగానే ఉంటే క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరంతో) ఆంపియర్లు చూసి, మోటారుపై ఉండే నేమ్‌ప్లేటు మీది అంకెతో పోల్చాలి. ఎక్కువగా ఉంటే నా అనుమానం మొదట, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్ మీదికే పోతుంది. కొలిచినప్పుడు దాని సామర్థ్యం, దానిపై రాసిన మైక్రోఫారడ్ విలువ కన్నా 10 శాతానికి మించి తగ్గితే మార్చడమే మేలు. ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత దాన్ని డిశ్చార్జి చేయించండి, అంటే అందులో నిలిచిన కరెంటును తీయించండి. అదే సమయంలో వెనుక ఫ్యాను కవరు విప్పి షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. ఉప్పుగాలి తగిలే మన తీరప్రాంతపు ఊళ్లలో బేరింగులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి.

ఆంపియర్లు సరిగానే ఉన్నాయంటే లోపం గాలి ఆడకపోవడంలో ఉండవచ్చు. వాన పడకుండా మోటారును రేకు పెట్టెలో మూసి ఉంచామన్నారు కదా, ఒకరోజు ఆ పెట్టె తీసి నడిపి చూడండి. అప్పుడు ఆగకపోతే పైకప్పు మాత్రం ఉంచి, నాలుగు పక్కలా తెరిచేయండి.