ఫాల్స్ సీలింగ్, జిప్సం గోడలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొత్తింట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న పడకగదికి జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించాలనుకుంటున్నాం. ముగ్గురు మేస్త్రీలను అడిగితే మూడు రేట్లు చెప్పారు. ఎవరికి ఇవ్వాలో తేలడం లేదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ రేటులో ఏమేం కలిసి ఉన్నాయో ముగ్గురి చేతా కాగితం మీద రాయించండి. చదరపు అడుగు రేటు తక్కువ చెప్పి, డ్రాప్‌ల (సీలింగ్‌లో కిందికి దింపిన భాగాల) నిలువు అంచులకు, కోవ్ లైటు (అంచు వెనక దాచిపెట్టే లైటు) పట్టీలకు రన్నింగ్ ఫుట్ లెక్కన, అంటే పొడవు అడుగుల్లో కొలిచి, వేరుగా వేసేవారు ఉన్నారు. లైట్ల రంధ్రాలు, పుట్టీ, ప్రైమర్, పెయింట్ ఎవరి ఖాతాలోకి వస్తాయో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఆ తర్వాత సామాను. బోర్డు 12.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. వెనకవైపు కంపెనీ పేరు, ఐఎస్ 2095 (జిప్సం బోర్డుల భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నాయో లేదో చూడండి. ఫ్రేముకు వాడే జీఐ చానళ్ల (జింకు పూత ఇనుప రేకు పట్టీల) మీద కూడా కంపెనీ ముద్ర ఉండాలి. చేత్తో మెలిపెడితే వంగిపోయే పల్చటి రేకు వద్దని చెప్పండి.

మీ గదికి లెక్క ఇలా వస్తుంది. గోడల చుట్టూ పెరిమీటర్ చానల్ 44 అడుగులు, అంటే 12 అడుగుల ముక్కలు నాలుగు. దాని పైన, స్లాబు నుంచి వేలాడే ఇంటర్మీడియట్ చానళ్లు 4 అడుగులకొకటి చొప్పున మూడు. వాటికి అడ్డంగా, బోర్డును బిగించే సీలింగ్ సెక్షన్లు అడుగున్నరకొకటి చొప్పున ఆరు. 6×4 బోర్డులు లెక్కకు 5 సరిపోతాయి కానీ కోతలు పోతాయి కాబట్టి 6 తెప్పించండి. సెక్షన్లు రెండేసి అడుగుల దూరంలో వేస్తే చానళ్లు మిగులుతాయి, రేటూ తగ్గుతుంది. కొన్నాళ్లకు బోర్డు కిందికి వంగేది కూడా అందుకే.

ఇంటర్మీడియట్ చానళ్లను స్లాబుకు డాష్ ఫాస్టెనర్ (స్లాబులో దిగి పట్టుకునే బోల్టు), క్లీట్ (చిన్న ఎల్ ఆకారపు ముక్క), యాంగిల్ పట్టీతో వేలాడదీయాలి. మీ గదికి అలాంటి చోట్లు 9 దాకా వస్తాయి. బైండింగ్ వైరుతో కట్టేస్తామంటే ఒప్పుకోకండి. ఫ్యాను బరువు మాత్రం ఈ ఫ్రేము మీద అస్సలు పడకూడదు. హుక్ స్లాబులోంచే రావాలి, రాడ్ సీలింగ్‌ను తాకకుండా కిందికి దిగాలి. రెక్కలకు, సీలింగ్‌కు మధ్య కనీసం అడుగు ఖాళీ ఉంటేనే గాలి సరిగ్గా ఆడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఫ్రేము పూర్తయ్యాక, బోర్డు ఎక్కించకముందు పని ఆపించి టేపు పెట్టి కొలవండి, ఫొటోలు తీసుకోండి. డబ్బును కూడా సామాను దిగినప్పుడు, ఫ్రేము చూశాక, జాయింట్లు ఆరాక అని విడతలుగా ఇవ్వండి. చివర్లో పదో వంతు నెల రోజులు ఆపుకుంటామని మొదటే చెప్పండి. నమ్మకంగా పనిచేసే మేస్త్రి దీనికి నొచ్చుకోడు.

ప్రశ్న: సీలింగ్ వేయించి ఏడాది కాలేదు, తిన్నటి సన్నని పగుళ్లు వచ్చాయి. పుట్టీ పెట్టించి పెయింట్ వేయించినా మళ్లీ తేలాయి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పగులు ఎక్కడుందో చూస్తే కారణం తెలిసిపోతుంది. 4 అడుగులకో, 6 అడుగులకో తిన్నగా గీత గీసినట్టుంటే అవి బోర్డుల అతుకులే. అక్కడ పేపర్ టేపు వేయకుండా వైట్ సిమెంటో గోడ పుట్టీయో నింపి ఉంటారు. ఎండకు, ఏసీ చల్లదనానికి బోర్డులు, చానళ్లు కొద్దిగా కదులుతూనే ఉంటాయి. పెళుసు పుట్టీ ఆ కదలికను తట్టుకోలేదు.

మళ్లీ చేయించేటప్పుడు అతుకు పొడవునా వదులైన పుట్టీని గీకేయాలి. జాయింటింగ్ కాంపౌండ్ పలచగా పూసి, అది తడిగా ఉండగానే 2 అంగుళాల పేపర్ టేపును బుడగ మిగలకుండా వెడల్పు లప్పంపట్టీతో అదిమి పెట్టాలి. ఆరాక 8 అంగుళాల వెడల్పున రెండో పూత, అదీ ఆరాక అడుగు వెడల్పున మూడో పూత వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు. తొందరపడి తడి మీద తడి పూయడం వల్లే సగం పనులు చెడుతున్నాయి. చివర్లో సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది ప్రైమర్ వేయించండి.

పగులు గోడా సీలింగూ కలిసే మూలలో ఉంటే ఈ పద్ధతి వద్దు. అక్కడ పెయింట్ పట్టే అక్రిలిక్ సీలెంట్ నింపాలి. అది సాగుతుంది కాబట్టి చీలదు. ఇక పగులు దగ్గర చేత్తో నొక్కితే బోర్డు పైకి లేస్తోందంటే లోపం ఫ్రేములోనో స్క్రూల్లోనో ఉన్నట్టు. 25 మిల్లీమీటర్ల స్క్రూలు 9 అంగుళాలకొకటి ఉండాలి. తల కాగితాన్ని చింపకుండా కొంచెం లోపలికి దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూకు పట్టు ఉండదు, పక్కనే ఇంకొకటి వేయించండి.

ప్రశ్న: హాలుకు అడ్డంగా జిప్సం పార్టిషన్ కట్టించాం. కింద జానెడు ఎత్తు ఉబ్బి మెత్తబడింది. చెమ్మకు ఆగే ఆకుపచ్చ బోర్డు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఒక్క బోర్డు మారిస్తే చాలదు. పండగలకు, శుక్రవారాలకు నీళ్లు పోసి ఇల్లు కడగడం మన అలవాటు. బోర్డు నేలను ఆనుకుని ఉంటే దీపపు వత్తి నూనె పీల్చినట్టు నీటిని పైకి లాగుతుంది. ఆకుపచ్చ బోర్డు గాలిలోని చెమ్మకు ఆగుతుంది కానీ నిలిచిన నీటికి ఆగదు.

ఉబ్బిన భాగానికి పైన గట్టిగా ఉన్నచోటు వరకు తిన్నగా కోసి తీసేయండి. లోపలి ఫ్లోర్ చానల్ తుప్పు పట్టిందేమో చూడండి. కొత్త ముక్కను నేలకు 10 మిల్లీమీటర్లు ఎత్తి బిగించి, ఆ సందులో సీలెంట్ నింపి, పైన 4 అంగుళాల స్కర్టింగ్ టైల్ వేయించండి. ఆ గోడ దగ్గర ఇకపై తడిగుడ్డతో తుడవడమే మంచిది. స్నానాల గది గోడకైతే ఇటుకే వాడండి.

ప్రశ్న: మొన్నటి వానలకు సీలింగ్ మీద పసుపు మరక పడింది. పైనుంచి పెయింట్ వేసేయవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఇప్పుడే వద్దు. నీరు స్లాబు నుంచి వస్తోందా, ఏసీ డ్రెయిన్ పైపు నుంచా అన్నది ముందు తేల్చండి. వాన లేని రోజుల్లోనూ ఏసీ నడిస్తే మరక పెరుగుతోందంటే పైపునే అనుమానించాలి. బోర్డు కిందికి ఉబ్బి వేలాడుతుంటే ఆ గది లైట్ల కరెంటు ఆపేసి, కింద బకెట్ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో చిన్న రంధ్రం చేసి నీటిని దించేయండి. మెత్తబడిన బోర్డు, బూజు పట్టిన బోర్డు మార్చాల్సిందే. ఆరాక గట్టిగా ఉంటే ఆయిల్ ప్రైమర్ వేశాకే ఎమల్షన్ వేయండి. లేకుంటే మరక మళ్లీ పైకి తేలుతుంది. వచ్చే ఏడాది మృగశిర కార్తెకు ముందే డాబా పగుళ్లు, నీళ్లు దిగే గొట్టాలు చూపించండి.

ప్రశ్న: జిప్సం గోడకు టీవీ బిగించవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గోడ ఇంకా మూయకపోతే టీవీ వచ్చే చోట నిలువు స్టడ్‌ల (గోడ లోపలి రేకు నిలువు పట్టీల) మధ్య 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసి పెట్టుకోండి. మూసేసిన గోడైతే చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరుపుతూ పోండి. స్క్రూ తలలకు అతుక్కున్న వరుసే స్టడ్. తేలికపాటి ఫొటో, గడియారం స్టడ్‌లోకి స్క్రూ వేసి తగిలించవచ్చు. టీవీకైతే ఆ భాగం బోర్డు కోసి, లోపల ప్లైవుడ్ పెట్టించాకే స్టాండు బిగించండి. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు ఉత్త బోర్డులో నిలవదు.